కాగితపు కొంగలు, కందిగింజల సంచులు - పల్లె బడిలో జపాను పలకరింపు

సంగారెడ్డి: ‘జపాను సాగు’ అన్న మాట మెతుకుసీమలో పాత తరం రైతులు విన్నదే. 1953 ప్రాంతంలో ప్రభుత్వం దేశమంతటా ప్రచారం చేసిన వరి సాగు పద్ధతి అది. ఎత్తు మడుల్లో నారు పోయడం, విత్తనం తగ్గించడం, తాడు పట్టి వరుసల్లో నాటడం, వరుసల మధ్య కలుపు యంత్రం నడపడం అందులోని ముఖ్యాంశాలు. ఆ విధంగా జపాను దేశం మన పల్లెలకు మొదట పొలం గట్టు మీదుగా వచ్చింది. ఇప్పుడది బొంబాయి రోడ్డు మీదుగా వచ్చి, బడి పిల్లల ఇళ్ళ పక్కనే కూర్చున్నది. అయితే ఆ పిల్లలకు ఆ దేశపు మనుషులను, ఆటలను, కథలను పరిచయం చేసే పని మాత్రం ఇంకా మిగిలే వున్నది.

పటాన్‌చెరు నుంచి సంగారెడ్డి వైపు వెళ్ళే దారిలో జపానుతో సంబంధమున్న చోట్లు మూడు కనిపిస్తాయి. మొదటిది 1972లో వెలసిన ఇక్రిశాట్. మెట్ట పంటల ఈ పరిశోధనా సంస్థలో పనిచేసిన జపాను శాస్త్రజ్ఞులు 1990లో ఒక విశేషాన్ని లోకానికి వెల్లడించారు. ఎర్రనేలల్లో ఇనుముతో ముడిపడిపోయి ఇతర పంటలకు అందని భాస్వరాన్ని కంది మొక్క మాత్రం తీసుకోగలుగుతుంది. దాని వేళ్ళ నుంచి ఊరే ఒక ఆమ్లం ఆ ముడిని విప్పుతుందని వారు కనిపెట్టారు. కంది వేసిన చేనులో తరువాతి పంట బాగుంటుందని మన రైతు అనుభవంతో చెప్పే మాటకు ఆ విధంగా ఒక కారణం దొరికింది.

రెండవది పటాన్‌చెరు మండలం రుద్రారంలో వున్న కర్మాగారం. విద్యుత్ ట్రాన్స్‌ఫార్మర్లు తయారు చేసే ఈ కర్మాగారాన్ని జపానుకు చెందిన తోషిబా సంస్థ 2013లో తీసుకున్నది. మూడవది కంది గ్రామం వద్ద వున్న ఐ.ఐ.టి. 2008లో ఎద్దుమైలారం ఆయుధ కర్మాగారం ఆవరణలో తాత్కాలికంగా మొదలైన ఈ విద్యాసంస్థకు కందిలో శాశ్వత ప్రాంగణం కట్టడానికి జపాను ప్రభుత్వ సహకార సంస్థ జైకా రుణమిచ్చింది. 2014 జనవరిలో ఒప్పందం జరిగింది. కొన్ని భవనాల రూపకల్పనలో జపాను వాస్తుశిల్పులు పాలుపంచుకున్నారు. అక్కడి విద్యార్థులు జపాను భాష నేర్చుకుంటున్నారు. 2022లో సుజుకి సంస్థ అక్కడ ఒక కేంద్రాన్ని కూడా నెలకొల్పింది.

ఇదంతా గేటు లోపలి సంగతి. గేటు బయట వున్న ప్రాథమిక పాఠశాలల్లో చదివే పిల్లల సంగతి వేరు. వీరిలో స్థానికుల బిడ్డలున్నారు, పని కోసం దూరప్రాంతాల నుంచి వచ్చిన కూలీల బిడ్డలున్నారు. గోడ మీద రాసిన కంపెనీ పేరు వారు చదవగలరు. ఆ పేరు ఏ దేశానిదో, ఆ దేశంలో తమ ఈడు పిల్లలు ఏం తింటారో, ఏ ఆట ఆడతారో అడిగితే చెప్పలేరు. పదేళ్ళ తరువాత అదే గేటు లోపలికి ఆ పిల్లవాడు ఉద్యోగిగానో, విద్యార్థిగానో వెళ్ళాలంటే మొదట బెరుకు పోవాలి. పరాయి దేశం కూడా మనలాంటి మనుషులున్న చోటేనన్న ఎరుక ఆరేడేళ్ళ వయస్సులో కలిగితే, అది పెద్దయ్యాక కూడా పోదు. దీనికి పరీక్ష అక్కరలేదు, పుస్తకం అక్కరలేదు. వారానికి ఒక గంట, పాత నోటుపుస్తకం కాగితాలు, దర్జీ దగ్గర మిగిలిన గుడ్డపీలికలు చాలు.

పడవ తెలిసిన చేతికి కొంగ రాదా?

వానాకాలంలో కాగితపు పడవ చేయని పిల్లవాడు మన పల్లెల్లో వుండడు. అదే విద్యను జపానువారు ‘ఒరిగామి’ అంటారు. ఒరి అంటే మడత, కామి అంటే కాగితం. కత్తెర లేదు, జిగురు లేదు. చదరపు కాగితం ఒకటి వుంటే కప్ప, టోపీ, చేప, కొంగ తయారవుతాయి. నలుపలకల కాగితాన్ని మూలకు మూల కలిపితే త్రికోణం వస్తుందని, మళ్ళీ మడిస్తే సగంలో సగమవుతుందని పిల్లవాడు చేత్తో తెలుసుకుంటాడు. భిన్నాల లెక్కను బోర్డు మీద పది రోజులు చెప్పే ఉపాధ్యాయునికి ఇది ఎంతో ఉపయోగపడుతుంది.

కాగితపు కొంగ వెనుక ఒక చిన్నారి కథ వున్నది. 1945 ఆగస్టు 6న హిరోషిమా మీద అణుబాంబు పడిననాటికి సడాకో ససాకికి రెండేళ్ళు. అప్పుడు బతికి బయటపడింది. చక్కగా పరుగుపందాలలో పాల్గొనే పిల్ల అయింది. కాని పదేళ్ళు తిరగకుండానే రక్తానికి సంబంధించిన క్యాన్సర్ బయటపడింది. వెయ్యి కాగితపు కొంగలు చేస్తే కోరిక నెరవేరుతుందని అక్కడి నమ్మకం. ఆసుపత్రి మంచం మీద మందు పొట్లాల కాగితాలతో సైతం ఆ బాలిక కొంగలు మడిచింది. 1955 అక్టోబర్ 25న, పన్నెండేళ్ళ వయస్సులో కన్నుమూసింది. తోటి విద్యార్థులు చందాలు పోగుచేయగా 1958లో హిరోషిమాలో పిల్లల స్మారక చిహ్నం లేచింది. ఇప్పటికీ లోకంలోని నలుమూలల నుంచి పిల్లలు అక్కడికి కొంగలు పంపుతూనే వున్నారు. ఆగస్టు 6న మన బడిలో ప్రతి బిడ్డా ఒక్కొక్క కొంగ మడిచి తోరణం కడితే, యుద్ధం అంటే ఏమిటో వేరే ఉపన్యాసం చెప్పవలసిన పనిలేదు.

గచ్చకాయలాట అక్కడా వున్నది

గచ్చకాయలు ఎగరేసి పట్టే ఆట మన ఆడపిల్లలకు కొట్టినపిండి. జపానులో దానికి దగ్గరి చుట్టం ‘ఒతెదమ’. కాయలకు బదులు గుడ్డతో కుట్టిన చిన్న సంచులు వాడతారు, లోపల ఎర్రటి అజుకి గింజలు పోస్తారు. రెండు చేతులతో రెండు మూడు సంచులు ఎగరేస్తూ, పాటకు తగినట్టు పట్టుకోవాలి. మన దగ్గర అజుకి గింజలు లేకపోతేనేం, కందిగింజలు, చింతగింజలు వున్నాయి. పిల్లలే గుడ్డ కత్తిరించి, సూది దారంతో కుట్టుకోవచ్చు. మగపిల్లలు కూడా సూది పట్టడం ఇందులోని మరో లాభం.

ఆటలో మొదట దొంగ ఎవరో తేల్చడానికి మన పిల్లలు పంటలు వేసుకుంటారు. జపాను పిల్లలు ‘జాన్ కెన్ పొన్’ అంటూ చేయి చాపుతారు. పిడికిలి రాయి, చాచిన అరచేయి కాగితం, రెండు వేళ్ళు కత్తెర. రాయి కత్తెరను మొద్దుబారుస్తుంది, కత్తెర కాగితాన్ని కోస్తుంది, కాగితం రాయిని చుట్టేస్తుంది. ఎవరికీ అన్నివేళలా గెలుపు లేదు. ఒక్క నిమిషంలో నేర్చుకునే ఈ ఆటతో మొదటి రోజు తరగతి ప్రారంభిస్తే, రెండవ వారం పిల్లలే ఉపాధ్యాయుణ్ణి పిలుచుకుపోతారు.

పడదోసినా లేచి నిలబడే గుండ్రటి బొమ్మ తంజావూరు నుంచి మన జాతరలకు వస్తుంది. జపానులో అటువంటిదే ‘దరుమ’ బొమ్మ. ధర్మం అనే మన మాటే అక్కడ దరుమ అయింది. ధ్యాన బౌద్ధాన్ని చైనాకు తీసుకువెళ్ళాడని చెప్పే బోధిధర్మునికి అది గుర్తు. ఆయన దక్షిణ భారతంలో పుట్టినవాడని సంప్రదాయం చెబుతుంది. మనసులో ఒక సంకల్పం చెప్పుకుని బొమ్మకు ఒక కన్ను దిద్దుతారు, అది నెరవేరాక రెండవ కన్ను దిద్దుతారు. బంకమట్టి ముద్దతో అడుగు బరువుగా చేసి, పైన కాగితం అతికిస్తే బడిలోనే దరుమ బొమ్మ సిద్ధమవుతుంది.

సైకిలు మీద కథ, పటం మీద కథ

1930 ప్రాంతంలో జపాను వీధుల్లో మిఠాయి అమ్మేవారు సైకిలు మీద ఒక చెక్క చట్రం కట్టుకుని తిరిగేవారు. చెక్కలు టకటకమని కొట్టగానే పిల్లలు మూగేవారు. మిఠాయి కొన్నవారు ముందు వరుస. చట్రంలో బొమ్మల అట్టలు ఒక్కొక్కటే జరుపుతూ కథ చెప్పేవారు. దీనిని ‘కామిషిబాయి’, అంటే కాగితపు నాటకం అంటారు. టెలివిజన్ వచ్చాక వీధుల్లో అది తగ్గిపోయినా, బడుల్లో, గ్రంథాలయాల్లో నిలిచింది.

తెలంగాణకు ఇది వింత కాదు. చేర్యాల నకాషీలు గీసిన పొడవాటి పటాన్ని విప్పుతూ కులపురాణాలు చెప్పే కథకులు మన ఊళ్ళకు వచ్చేవారు. వారిది విప్పే పటం, వీరిది జరిపే అట్ట. బడిలో అట్టపెట్టెకు ఒకవైపు కిటికీ కోసి, ఎనిమిది బొమ్మలు గీయించి, ఒక వారం మొమొతారో కథ చెప్పించవచ్చు. పిల్లలు లేని ముసలి దంపతులకు ఏటిలో కొట్టుకువచ్చిన పెద్ద పండులో దొరికిన బాలుడు మొమొతారో. అవ్వ చేసిచ్చిన ఉండలు కుక్కకు, కోతికి, అడవి కోడిజాతి పక్షికి పంచి, వాటిని నేస్తాలను చేసుకుని రాక్షసులను జయిస్తాడు. మరుసటి వారం అదే పెట్టెలో తాత చెప్పిన మన ఊరి కథ పెట్టాలి. పరాయి కథ విన్న పిల్లవాడు ఇంటికి వెళ్ళి సొంత కథ అడిగితేనే ఈ పనికి అర్థం.

అ, ఇ, ఉ, ఎ, ఒ

జపాను లిపి అంటే గీతల అడవి అని భయపడనవసరం లేదు. చైనా నుంచి వెళ్ళిన బొమ్మల వంటి అక్షరాలు వేల సంఖ్యలో వున్నమాట నిజమే. కాని అక్కడి చిన్నపిల్లలు ముందు నేర్చేది 46 అక్షరాల ‘హిరగన’. దాని వరుస ఇది: అ, ఇ, ఉ, ఎ, ఒ. తరువాత క, స, త, న, హ, మ, య, ర, వ. ఇందులో హ అక్షరం పూర్వం ప అని పండితులు చెబుతారు. ఇది మన ఓనమాల వరుసకు దగ్గరగా వుండటం కాకతాళీయం కాదు. బౌద్ధ భిక్షువులు సంస్కృతం చదివి, ఆ క్రమాన్ని తమ అక్షరాలకు పెట్టుకున్నారు.

వాక్యం కూడా మన దారే. ‘నేను అన్నం తింటాను’ అన్నదానిని వారు ‘వతాషి వ గొహాన్ ఒ తబెమస్’ అంటారు. నేను ముందు, అన్నం మధ్య, తినడం చివర. ఇంగ్లీషు వాక్యంలో తినడం మధ్యకు వస్తుంది. ఇంగ్లీషు దగ్గర తడబడే తెలుగు పిల్లవాడు జపాను వాక్యం దగ్గర తన ఇంట్లో వున్నట్టే వుంటాడు. నాగార్జునకొండతో ముడిపడిన ఆచార్య నాగార్జునుని ‘ర్యూజు’ పేరుతో, మన సరస్వతిని ‘బెంజైతెన్’ పేరుతో జపాను బౌద్ధులు ఎన్నో శతాబ్దాలుగా కొలుస్తున్నారని చెబితే పిల్లలు ఆశ్చర్యపోక మానరు.

సంవత్సరంలో మూడు పండుగలు

మార్చి 3న అక్కడ ఆడపిల్లల బొమ్మల పండుగ. మెట్ల మీద ఎర్రగుడ్డ పరచి రాజు, రాణి, కొలువు బొమ్మలు పెడతారు. మన బొమ్మల కొలువును తలపిస్తుంది. మే 5 బాలల దినోత్సవం. ప్రవాహానికి ఎదురీదే చేప వలె బిడ్డ ధైర్యంగా పెరగాలని గుడ్డ చేపలను కర్రకు కట్టి గాలిలో ఎగరేస్తారు. జులై 7 నక్షత్రాల పండుగ. రంగు కాగితపు పట్టీల మీద కోరికలు రాసి వెదురు కొమ్మకు కడతారు.

వెదురు కొమ్మ, కాగితపు పట్టీ దొరకని ఊరు లేదు. ఆ రోజు పిల్లలు ఏం రాశారో ఉపాధ్యాయుడు ఓపికగా చదివితే, హాజరుపట్టీలో కనబడని సంగతులు ఎన్నో కనబడతాయి. కంపెనీలో రాత్రి పనికి పోయే తండ్రిని చూడని బిడ్డ ఏం కోరుతుంది, సొంత ఊరు విడిచి వచ్చిన బిడ్డ ఏం కోరుతుంది అన్నది ఆ పట్టీ మీదే తెలుస్తుంది.

చీపురు ఎవరి చేతికి?

జపాను బడుల గురించి మనవారు తరచుగా చెప్పే మాట ఒకటున్నది. అక్కడి పిల్లలే తరగతి గది ఊడుస్తారు, బల్లలు తుడుస్తారు. ఇది నిజమే. అయితే దీనిని సగమే అనుకరిస్తే మేలుకంటే కీడు ఎక్కువ. అక్కడ ఆడ, మగ తేడా లేకుండా పిల్లలంతా వంతుల ప్రకారం చేస్తారు, ఉపాధ్యాయులూ కలిసి పనిచేస్తారు. మధ్యాహ్న భోజనం కూడా పిల్లలే వంతుల వారీగా వడ్డించుకుని, తినే ముందు అందరూ ఒకే మాటగా ‘ఇతదకిమస్’ అంటారు. అన్నం పండించినవారికి, వండినవారికి కృతజ్ఞత చెప్పడం దాని భావం. ఆడపిల్లల చేతనో, ఏదో ఒక కులపు బిడ్డల చేతనో చీపురు పట్టించి, దానికి జపాను పద్ధతి అని పేరు పెట్టడం ఆ దేశానికీ అన్యాయమే, ఆ బిడ్డలకూ అన్యాయమే. సర్పంచి మనుమడు, కూలీ కొడుకు, పంతులుగారు ఒకే రోజు చీపురు పట్టగలిగితేనే ఈ పాఠం మొదలు పెట్టాలి.

బడి ఎలా వుండాలో తెలుసుకోగోరే ఉపాధ్యాయులకు ‘రైలుబడి’ పుస్తకం తెలుగులో వున్నది. 1981లో జపానులో ‘తొత్తోచాన్’ పేరుతో వెలువడిన ఈ పుస్తకాన్ని తెత్సుకో కురొయనాగి రాశారు. అల్లరి చేస్తున్నదని ఒక బడి నుంచి పంపివేసిన ఆమెను, పాత రైలుపెట్టెలే తరగతులుగా నడిచిన తొమోయె పాఠశాల అక్కున చేర్చుకున్నది. తొలిరోజే ప్రధానోపాధ్యాయుడు కొబయాషి ఆ పిల్ల చెప్పే కబుర్లను గంటల తరబడి విన్నారు. 1945లో బాంబుదాడిలో ఆ బడి తగలబడిపోయినా, వినే ఉపాధ్యాయుడు ఎలా వుంటాడో లోకానికి తెలిసింది.

బొమ్మలే కాదు, చేదు కూడా

జపాను అంటే పూలు, బొమ్మలు, వేగంగా పోయే రైళ్ళు మాత్రమే అని చెబితే అది పూర్తి పరిచయం కాదు. పారిశ్రామిక వాడలో పెరిగే పిల్లలకు, ముఖ్యంగా అయిదవ తరగతి దాటినవారికి, మినమాత పేరు తెలిసి తీరాలి. సముద్రపు ఒడ్డున వున్న ఆ ఊళ్ళో చిస్సో రసాయన కర్మాగారం వదిలిన పాదరసం చేపల్లోకి చేరింది. ఆ చేపలు తిన్న పిల్లులు పిచ్చిగా ఎగిరి చచ్చిపోయాయి. 1956లో మనుషుల్లో ఈ జబ్బు అధికారికంగా బయటపడింది. తల్లి కడుపులోనే విషం తగిలి అంగవైకల్యంతో పుట్టిన బిడ్డలున్నారు. బాధితులు ఏళ్ళ తరబడి పోరాడవలసి వచ్చింది. ఆ ఊరు ఇప్పుడు ఆ చరిత్రను దాచకుండా, మ్యూజియం కట్టి తన పిల్లలకు చెబుతున్నది.

నక్కవాగు ఒడ్డున పెరిగిన పటాన్‌చెరు ప్రాంతపు రైతు కుటుంబాలకు ఈ కథ విడమరచి చెప్పనక్కరలేదు. పరిశ్రమల కాలుష్యం వల్ల వాగు, బావులు చెడిపోయాయని 1990లో సుప్రీంకోర్టు దాకా వెళ్ళిన కేసు ఈ ప్రాంతానిదే. పరిశ్రమ కావాలి, దానితోపాటు నీరూ బతకాలి అన్న పాఠాన్ని జపాను ఖరీదు చెల్లించి నేర్చుకున్నది. ఆ దేశం గురించి నేర్చుకునే పిల్లలు దీనిని కూడా నేర్చుకోవాలి. పిల్లలు ఒకరోజు ఊరి చెరువు నీటిని గాజుసీసాలో పట్టి, రంగు, వాసన రాసిపెడితే అదే ఆ పాఠానికి అభ్యాసం.

వందేళ్ళ క్రితం వెళ్ళినవారు

జపాను విద్యను పరిశీలించాలన్న ఆలోచన ఈ గడ్డకు కొత్త కాదు. నిజాం ప్రభుత్వంలో విద్యాశాఖ అధిపతిగా వున్న సయ్యద్ రాస్ మసూద్ 1922లో జపాను వెళ్ళి, అక్కడి బడులను చూసి వచ్చి గ్రంథం రాశారు. తమ భాషలోనే అన్ని చదువులూ చెప్పుకుంటూ ఒక ఆసియా దేశం ఎదిగిన తీరు ఆనాటి హైదరాబాదు పెద్దలను ఆకర్షించింది. 1918లో ప్రారంభమైన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూలో బోధన చేపట్టినది ఆ రోజులలోనే. పరాయి దేశాన్ని చూసి తన భాష మీద నమ్మకం పెంచుకోవడం అనే ఆ కోణం ఈనాటి తెలుగు పిల్లలకూ పనికి వస్తుంది.

ఇక చివరిగా చెప్పుకోదగినది ఒక ఏనుగు కథ. యుద్ధకాలంలో టోక్యోలోని ఉఎనో జంతుప్రదర్శనశాలలో ఏనుగులు లేకుండా పోయాయి. యుద్ధం ముగిశాక ఆ ఊరి పిల్లలు తమకు ఒక ఏనుగు కావాలని భారత ప్రధాని జవహర్‌లాల్ నెహ్రూకు ఉత్తరాలు రాశారు. 1949లో నెహ్రూ ‘ఇందిర’ అనే ఏనుగును పంపించారు. 1983లో చనిపోయేదాకా అది అక్కడి పిల్లల చెలిమిగత్తెగా మెలగింది.

పిల్లలు రాసిన ఉత్తరానికి ఒక దేశం ఏనుగును పంపిందంటే, కంది, రుద్రారం పరిసరాల పిల్లలు రాసే ఉత్తరానికి గోడ అవతలి నుంచి ఒక జపాను అతిథి ఒక గంటసేపు బడికి రావడం అసాధ్యమేమీ కాదు. ఉపాధ్యాయులు, విద్యా కమిటీ సభ్యులు కలిసి అడగాలి. అతిథి వచ్చిననాడు కాగితపు కొంగ ఆయన నేర్పుతారు. చిర్రగోనె, గచ్చకాయలు పిల్లలు నేర్పుతారు. బతుకమ్మ నాటికి వస్తే తంగేడు పూలు ఎలా పేర్చాలో ఆడపిల్లలే చూపిస్తారు. ఇరువైపులా నేర్చుకునేది, నేర్పేది వున్నప్పుడు ఆ పరిచయం నిలుస్తుంది. అంతవరకు ఆగవలసిన పని కూడా లేదు. రేపటి బడిగంట మోగగానే ఒక పాత కాగితం చదరంగా చింపి, మూలకు మూల కలిపితే మొదటి పాఠం మొదలైనట్టే.